అసలుది

దేవరకొండల మాకు సముద్రం తెల్వదు.
డిండి చెర్వు నిండితే
బస్సు గట్టుకొని చూడబోయెటోళ్లం.
పాలిటెక్నిక్ స్కాలర్‌షిప్పుల మిగిలిన
తొమ్మిది వందల తొంబై తొమ్మిదితోని
నల్లగొండ ప్రకాశం బజార్ల
ఒక సముద్రం కొనుక్కొచ్చిన.
ఓడల ఆట. అసలుది.
పైపొర గోరుతోని చింపుతుంటే
కొత్త చెప్పుల వాసనొచ్చింది.

డబ్బా లోపల ఇరవై అయిదు అక్షరాలు,
అయిదయిదు లెక్కన, నడుమ గీతలు.
మా తమ్ముడు లింగస్వామి చదువుడు, నేను కొట్టుడు.
తప్పు. మళ్ల. తప్పు.
అది 'ఓ' గాదు, సున్నా అని తేలినంక
తెర అడిగింది: నెట్టు ఉన్నదా?

నెట్టు దాబా మీద ఉన్నది.
డాంగిల్‌ను పొడుగు వైరుకు కట్టి
నీళ్ల ట్యాంకు పైపుకు వేలాడదీసి
వెనుక సత్తుగిన్నె పెడితే
ఖిల్లా దిక్కుకెల్లి రెండు గీతలు దిగేటియి.
గిన్నె పట్టుకొని వాడు పైకెల్లి అరుస్తడు:
"వచ్చిందా?"
"ఆగు."
"ఇప్పుడు?"
"కదలకురా!"
ఎండల వాడు కదలకుండ నిలబడ్డ పదకొండు నిమిషాలకు
యాడనో ఉన్న సర్వరు
నేను దొంగను గాదని ఒప్పుకున్నది.

ఆ రాత్రి తెరచాప ఎత్తిన.
బోరు ఎండిన ఇంట్ల
స్పీకర్ల కెల్లి అలలు.
అమ్మ నిద్రల లేచి
"నల్లా బందు చెయ్యలేదా" అన్నది.

ఎండకాలం కరెంటు ఎగిరెగిరి పడి
మదర్‌బోర్డు మాడిపోయింది.
కొత్త బోర్డు జూసి సర్వరు నన్ను గుర్తువట్టలే.
గిన్నె తిప్పినం. ఒప్పుకున్నది.
వానకాలం హార్డుడిస్కు పోయింది.
గిన్నె తిప్పినం. గొణుక్కుంట ఒప్పుకున్నది.
ఆ తర్వాత ఎర్ర అక్షరాలు:
మీకిచ్చిన మూడూ అయిపోయినయి.

నా ఓడ ఏదో రేవుల లంగరేసి ఉన్నది.
అడుగు అరల నేను దాచిన మిరియాల బస్తాలు,
సగం గీసిన పటం.
కొన్న రసీదు నా చేతుల,
తాళంచెవి వాళ్ల చేతుల.

పీర్ల కొట్టం పక్క జహంగీర్ దుకాణం.
అదే ఆట ముప్పై రూపాయలకు.
డిస్కు మీద నల్ల స్కెచ్చుపెన్ను రాత,
ఆ పేరుల గూడ ఒక అక్షరం తప్పు.
"పైసల్ పెట్టి కొన్నవా అక్కా?" అన్నడు,
సావు కబురు విన్నట్టు.
నా దగ్గర ముప్పై తీసుకోలే.

వాని ఆట ఎవల్నీ ఏమీ అడగదు.
బోర్డు మారితే అడగదు, వైరు తెగితే అడగదు.
కొన్న నన్ను మూడుసార్లు సోదా చేసిన్రు,
కొనని జహంగీర్‌కు ఎవలూ ఎదురు రాలే.
మొదటికెల్లి ఆడిన.
పాత ఓడ మాత్రం దొరకలే.

ఇప్పుడు నేను మీసేవల కూసుంట,
తెరకు ఈ దిక్కు.
పత్తి ఏరి ఏరి బొటనవేలు నున్నగైన సైదమ్మ
గాజుపలక మీద వేలు పెడ్తది.
సరిపోలలేదు.
కొంగుకు తుడిచి మళ్ల పెడ్తది.
సరిపోలలేదు.
"నేనే బిడ్డా. పోయిన నెల గూడ నేనే."
లైన్లకెల్లి ఎవడో "సర్వర్ డౌనా మేడం" అంటడు.
నాకు సత్తుగిన్నె యాదికొస్తది.
"కదలకు పెద్దమ్మా," అంట.
ఇంకేం అనాల్నో తెల్వక అంట.

ఆ ఆట సర్వరు ఎన్నడో బందు పెట్టిన్రట.
అసలు డిస్కు
లింగస్వామి జొన్నచేన్ల
కట్టెకు దారంతోని తిరుగుతున్నది.
ఎండ తగిలి ఎగిరి మెరిస్తే
చిలుకలు బెదిరి లేస్తయి,
రెండు దినాలే.
మూడోనాడు దాని పక్కనే వాలి తింటయి.

డబ్బా నా దగ్గరున్నది.
ఇరవై అయిదు అక్షరాలు ఇప్పటికీ నోటికొస్తయి.
సున్నా కాడ
కొంచెం ఆగుత.